ఓటమికి కారణం ఎలా వెతుక్కోవాలి: ఆటగాళ్ళకు, కోచ్‌లకు, తల్లిదండ్రులకు ఒక మార్గదర్శి

లాంగ్ జంప్‌లో మూడు ఫౌళ్ళు. జిల్లా పోటీలకు వెళ్ళిన మా స్కూలు అమ్మాయి ఒక్క జంప్ కూడా లెక్కలోకి రాకుండా తిరిగొచ్చింది. ప్రాక్టీసులో ఆమె దూకే దూరానికి మొదటి ముగ్గురిలో ఉండాల్సింది. తిరుగు బస్సులో పక్కన కూర్చుని నేనన్న మాట ఇది: "నీకు అన్నీ ఉన్నాయమ్మా, టెన్షన్ తట్టుకోవడమే రాదు." ఓదార్చుతున్నాననే అనుకున్నాను. ఆ తర్వాత రెండు నెలల పాటు ఆ అమ్మాయి మా సొంత గ్రౌండులో కూడా ఫౌళ్ళు చేసింది. దూకే బోర్డు (కాలు దాన్ని దాటితే ఫౌల్) దగ్గరకి వస్తుంటే అడుగులు తడబడేవి. ఎవరైనా నిలబడి చూస్తున్నారంటే ఇక చెప్పనక్కర్లేదు.

అసలు సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. మాది మట్టి ట్రాక్, పిల్లలు వట్టి కాళ్ళతో పరిగెత్తుతారు. పోటీ జరిగింది సింథటిక్ ట్రాక్ మీద, అడిగి తెచ్చుకున్న స్పైక్స్‌తో, అంటే అడుగున మేకులున్న బూట్లతో. కాలికి పట్టు దొరికే ట్రాక్ మీద, పోటీ ఊపులో, అంగ కాస్త పొడవవుతుంది. పద్నాలుగు అంగల రనప్‌లో (దూకే ముందు పరుగులో) ఒక్కో అంగ రెండు వేళ్ళ మందం పెరిగినా బోర్డు దగ్గరకి వచ్చేసరికి అడుగు పైనే తేడా వస్తుంది. మొదటి ఫౌల్ పడగానే పరుగు మొదలుపెట్టే గుర్తును వెనక్కి జరిపి ఉంటే సరిపోయేది. జరపమని చెప్పాల్సింది నేను. అది చెప్పకపోగా, ట్రాక్ మీద ఉన్న కారణాన్ని తీసుకెళ్ళి పిల్ల స్వభావంలో పెట్టాను.

ఓటమి కంటే ఓటమికి మనం చెప్పుకునే కారణమే ఎక్కువ రోజులు మనతో ఉంటుందని ఆ అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. కారణం చెప్పుకోవడం కూడా ఒక నైపుణ్యమే. సర్వీస్ నేర్చుకున్నట్టే దాన్నీ నేర్చుకోవచ్చు. ఎలాగో ఒక్కో మెట్టుగా రాస్తున్నాను.

కారణాన్ని తూచే నాలుగు ప్రశ్నలు

మనిషి తన గెలుపోటములకు కారణాలు ఎలా వెతుక్కుంటాడన్న విషయం మీద 1958లో మనస్తత్వవేత్త ఫ్రిట్జ్ హైడర్ పునాది వేశారు. 1970ల నుంచి అమెరికా మనస్తత్వవేత్త బెర్నార్డ్ వీనర్ దాన్ని ఒక సిద్ధాంతంగా నిలబెట్టారు. పిల్లలకి చెప్పేటప్పుడు నేను దాన్ని ప్రశ్నలుగా మార్చి చెబుతాను.

మొదటిది: కారణం నాలో ఉందా, బయట ఉందా? "నేను సరిగ్గా ఆడలేదు" అన్నది లోపలి కారణం, "గాలి ఎదురు కొట్టింది" అన్నది బయటి కారణం. రెండోది: అది మారేదా, మారనిదా? ఎత్తు మారదు, రనప్ మారుతుంది. మూడోది: దాన్ని మార్చడం నా చేతిలో ఉందా? నాలుగోది తర్వాతి పరిశోధకులు గట్టిగా చెప్పినది: ఇది ఈ ఒక్క చోటికే వర్తిస్తుందా, లేక అన్నిటికీ పాకుతుందా? "బ్యాక్‌హ్యాండ్ వైపు దొరికిపోయాను" అంటే ఒక మూల సంగతి. "నేను దేనికీ పనికిరాను" అంటే చదువు, ఇల్లు, రేపటి మ్యాచ్ అన్నీ అందులో పడిపోతాయి.

నాలుగింటిలో ఆటకి ప్రాణం లాంటిది మూడోది. 2005లో టిమ్ రీస్, ఆయన సహ పరిశోధకులు క్రీడా మనస్తత్వ శాస్త్రంలో దీన్నే మధ్యలో పెట్టాలని రాశారు. కారణం లోపలిదైనా బయటిదైనా, దాని మీద నాకు కాస్తయినా పట్టు ఉందనిపిస్తే మనిషి మళ్ళీ లేస్తాడు. వీనర్ ఇంకో మంచి తేడా కూడా చూపించారు. "నాకు చేతకాదు" అనుకున్నవాడికి సిగ్గేస్తుంది, మొహం దాచుకుంటాడు. "నేను చేయాల్సింది చేయలేదు" అనుకున్నవాడికి తప్పు చేశానన్న బాధ వస్తుంది, దాన్ని సరిదిద్దుకోవాలనిపిస్తుంది. చూడటానికి రెండూ ఏడుపే. ఒకడు గ్రౌండు వదిలిపోతాడు, ఇంకొకడు మర్నాడు గంట ముందే వస్తాడు.

కారణం మారితే ఆట నిజంగా మారుతుందా?

మారుతుంది. 1990లో మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్మన్ బృందం ప్రచురించిన ఒక అధ్యయనం నాకు బాగా ఇష్టం. కాలిఫోర్నియాలోని బెర్క్‌లీ విశ్వవిద్యాలయం ఈతగాళ్ళు చెడు సంఘటనలకి ఎలాంటి కారణాలు చెప్పుకుంటారో ముందుగా ప్రశ్నావళితో తెలుసుకున్నారు. తర్వాత వాళ్ళకు బాగా వచ్చిన పోటీలో పూర్తి వేగంతో ఈదమన్నారు. బయటికొచ్చాక అసలు టైమ్ చెప్పలేదు, దానికంటే నెమ్మదైన టైమ్ చెప్పారు. కాసేపు విశ్రాంతి ఇచ్చి మళ్ళీ ఈదమన్నారు. "తప్పు నాదే, ఇది ఇంతే, అన్నిట్లోనూ ఇంతే" అనే తరహాలో ఆలోచించేవాళ్ళు రెండోసారి నెమ్మదించారు. అలా ఆలోచించనివాళ్ళు నెమ్మదించలేదు. నీళ్ళు అవే, భుజాలు అవే, చెవిన పడిన అబద్ధం కూడా ఒకటే.

ఆ ఈతగాళ్ళలో మాట్ బియోండీ ఒకడు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో అతని మీద అమెరికాకి ఏడు స్వర్ణాల ఆశ ఉండేది. 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో కాంస్యం వచ్చింది. 100 మీటర్ల బటర్‌ఫ్లైలో చివరి దాకా ముందున్నాడు. గోడ దగ్గర ఇంకో బార వేయకుండా జారుతూ వెళ్ళాడు. సురినామ్ ఈతగాడు ఆంథనీ నెస్టీ సెకనులో నూరో వంతు తేడాతో స్వర్ణం తీసుకుపోయాడు. ఆ క్షణంలో "పెద్ద వేదిక నాకు అచ్చిరాదు" అని కూడా అనుకోవచ్చు, "ఒక బార తక్కువైంది" అని కూడా అనుకోవచ్చు. అతని మనసులో ఏముందో నేను చెప్పలేను గానీ ఫలితాలు అందరికీ తెలుసు: మిగతా ఐదు పోటీల్లో ఐదు స్వర్ణాలు.

మొదటి మెట్టు: ఆ సాయంత్రం కారణం అడగొద్దు

ఓడి బయటికొచ్చిన పిల్లవాడిని "ఏమైంది? ఎందుకిలా ఆడావు?" అని అడిగితే, ఆ వేడిలో నోటికొచ్చే మొదటి వాక్యం దాదాపు ఎప్పుడూ తప్పే. "నా వల్ల కాదు సార్" అనో, "అంపైర్ వాళ్ళవాడే" అనో వస్తుంది. అలా పదిమందిలో ఒకసారి అన్నాక దానికి కట్టుబడిపోతాడు, రేపు మాట మార్చుకోవాలంటే మొహమాటం.

నీళ్ళు ఇవ్వండి, తినిపించండి. ఏడిస్తే ఏడవనివ్వండి. "రేపు సాయంత్రం కూర్చుని చూద్దాం" అనండి చాలు. మరీ వారం ఆగకండి. అప్పటికి జరిగింది మసకబారి కథ మాత్రమే మిగులుతుంది. నేను మర్నాడు ప్రాక్టీసు అయ్యాక, చెట్టు కింద, ఒక్కొక్కరితో విడిగా కూర్చుంటాను.

రెండో మెట్టు: ఏం జరిగిందో ముందు, ఎందుకో తర్వాత

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. నాకు మాత్రం మొత్తం పనిలో సగం ఇక్కడే ఉందనిపిస్తుంది. కారణం గురించి మాట్లాడే ముందు జరిగినదాన్ని అంకెల్లో రాయాలి. ఎన్ని సర్వీసులు నెట్‌కి తగిలాయి, ఏ పాయింట్ దాకా సమానంగా ఉన్నారు, ఏ వైపు ఎక్కువ పాయింట్లు పోయాయి, ఎన్ని ఫౌళ్ళు, బోర్డుకి ఎంత దూరంలో. ఫోన్‌లో వీడియో ఉంటే ఇంకా మంచిది. అంకె ముందుంటే మనసు కట్టే కథకి ఒక హద్దు ఉంటుంది.

పి.వి. సింధు విషయమే చూడండి. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్, 2017 గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ ఫైనల్, నాన్‌జింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. అన్నిట్లోనూ రజతమే. టీ కొట్టు దగ్గర కూడా ఒకటే మాట: "ఆ అమ్మాయికి ఫైనల్ అంటే భయం." నాలుగు ప్రశ్నలతో తూచండి. లోపలి కారణం, మారని కారణం, చేతిలో లేని కారణం, ఏ ఫైనల్‌కైనా వర్తించే కారణం. ఒక ఆటగాడికి అంటించగలిగిన వాటిలో ఇంతకంటే బరువైన ముద్ర ఉండదు.

ఇప్పుడు స్కోర్లు చూద్దాం. గ్లాస్గోలో నొజొమి ఒకుహర మీద 19-21, 22-20, 20-22. 110 నిమిషాల ఆట. మూడో గేమ్‌లో 20-20 దాకా వెళ్ళిన మనిషి ఫైనల్‌కి భయపడి ఓడిందంటే ఆ అంకెలు ఒప్పుకోవు. అక్కడ తేడా రెండు పాయింట్లు. నాన్‌జింగ్‌లో కరోలినా మారిన్ మీద 19-21, 10-21. ఇది వేరే ఓటమి. మొదటి గేమ్ పోయాక రెండోది చేజారిపోయింది. జకార్తాలో తై జు యింగ్ మీద 13-21, 16-21. ఇది ఇంకోటి, ఆ రోజు మొదటి నుంచీ ఎదుటి ఆటే పైచేయి. మూడు ఓటములకి మూడు వేర్వేరు ప్రశ్నలు వేయాలి. ఒకే ముద్ర వేస్తే ఏ ఒక్కదాని నుంచీ నేర్చుకోలేం.

2018 డిసెంబరులో గ్వాంగ్‌జౌలో వరల్డ్ టూర్ ఫైనల్స్ టైటిల్ పోరులో అదే ఒకుహర మీద సింధు గెలిచింది. 2019 ఆగస్టులో బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, ఎదుట మళ్ళీ ఒకుహర, స్కోరు 21-7, 21-7. ఫైనల్ భయం నెత్తురులో ఉన్న గుణమైతే ఈ స్కోరు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ముద్ర వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి అడుగుతున్నాను.

జట్టు ఆటల్లో ఈ లెక్క ఇంకా అవసరం. కబడ్డీలో చివరి రైడ్‌కి వెళ్ళి దొరికిపోయినవాడి మీద మ్యాచ్ మొత్తం పడుతుంది. వాడు ఊళ్ళో నెల రోజులు తలెత్తుకోలేడు. స్కోర్ షీట్ తీసి చూస్తే మొదటి సగంలోనే ఒక లోనా (జట్టంతా ఔటైతే ఎదుటివాళ్ళకి వెళ్ళే రెండు అదనపు పాయింట్లు) ఇచ్చి ఉంటారు, బోనస్ దొరికే చోట నాలుగైదు రైడ్లు వట్టి చేతులతో తిరిగొచ్చి ఉంటాయి. రెండు పాయింట్ల తేడాతో ఓడిన మ్యాచ్‌లో ఆ లోనా ఒక్కటే సరిపోతుంది. షీట్ అందరి ముందూ పరిచి, మొదటి నిమిషం నుంచి చదవండి. చివరి నుంచి మొదలుపెట్టకండి.

మూడో మెట్టు: ముందు ఆటగాడు చెప్పాలి

అంకెలు రాశాక "నీకేమనిపిస్తోంది?" అని అడిగి ఊరుకోండి. మధ్యలో అందుకోవద్దు. కోచ్ ముందు చెబితే పిల్లలు "అవును సార్" అంటారు, లోపల మాత్రం వాళ్ళ కారణమే ఉంటుంది. బయటికి రాని కారణాన్ని సరిచేయలేం.

వింటున్నప్పుడు కొన్ని మాటల దగ్గర చెవి పెట్టండి. "ఎప్పుడూ ఇంతే", "అస్సలు", "నాకు రాదు", "నేనింతే" అన్నవి మారని కారణాలు. "దిష్టి తగిలింది", "డ్రా బాలేదు", "గ్రౌండ్ బాలేదు" అన్నవి చేతిలో లేనివి. వెంటనే ఖండించొద్దు. గ్రౌండ్ నిజంగానే బాగుండకపోవచ్చు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మనకి ఉంది కదా అని ప్రతి ఫిర్యాదునీ దానితో కొట్టేయకూడదు. ఒక్కోసారి మద్దెల ఓడుదే అయి ఉంటుంది. మా అమ్మాయి విషయంలో తేడా వచ్చింది ట్రాక్‌తోనే కదా.

నాలుగో మెట్టు: వాక్యాన్ని తిరగరాయడం

ఇక్కడ పెన్ను ఆటగాడి చేతికివ్వాలి. వాడన్న వాక్యాన్ని నోట్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాయించి, దాని కింద అదే సంగతిని మూడు షరతులతో మళ్ళీ రాయమంటాను: నిజం అయి ఉండాలి, ఒక్క విషయం గురించే ఉండాలి, వచ్చే మ్యాచ్ లోపు మార్చగలిగింది అయి ఉండాలి.

"నాకు బ్యాక్‌హ్యాండ్ రాదు" అని రాసిన షట్లర్ వీడియో చూశాక ఇలా రాశాడు: "షటిల్ నా వెనక మూలకి వెళ్ళినప్పుడు ఆలస్యంగా కదులుతున్నాను, అందుకే బ్యాక్‌హ్యాండ్ ఆడాల్సి వస్తోంది." ఇప్పుడది కాళ్ళ సంగతి. చేతికి చేతకాకపోవడం కాదు. "నేను ప్రెషర్‌లో ఆడలేను" అన్న వాలీబాల్ పిల్ల రాసింది: "స్కోరు దగ్గరగా ఉన్నప్పుడు విజిల్ పడగానే సర్వీస్ కొట్టేస్తున్నాను, బంతి సరిగ్గా ఎగరేయడం లేదు." విజిల్ తర్వాత సర్వీస్‌కి ఎనిమిది సెకన్లు ఉంటాయి. ఒక ఊపిరి తీసుకోవడానికి అది చాలు. "వాళ్ళు బలంగా ఉన్నారు" అన్న కబడ్డీ రైడర్ రాసింది: "కుడి కార్నర్ నా మడమ కోసం కాచుకున్నాడు, నేను ఐదుసార్లూ అటే తిరిగాను."

గమనించండి, ఈ వాక్యాల్లో పొగడ్త లేదు. "నువ్వు సూపర్, ఈసారి గెలుస్తావు" లాంటిది ఒక్కటీ లేదు. తప్పు ఒప్పుకుంటూనే ఉన్నాయి, కాకపోతే దాన్ని చేత్తో పట్టుకోగలిగినంత చిన్నది చేశాయి. మొదట్లో పిల్లలకి ఇది కష్టంగా ఉంటుంది. నాలుగైదు ఓటములు రాశాక మాట్లాడే తీరే మారుతుంది. కొందరు గ్రౌండులోనే, ఆట మధ్యలో, అలా ఆలోచించడం మొదలుపెడతారు. అప్పుడు నాకు కలిగే సంతోషం పతకం వచ్చినప్పుడు కూడా ఉండదు.

ఐదో మెట్టు: "కష్టపడలేదు" అనే ముందు ఆగండి

మన కోచ్‌లకి, తల్లిదండ్రులకి బాగా అలవాటైన కారణం ఇది. మారేదే, చేతిలో ఉన్నదే. అందుకే మంచి కారణంలా కనిపిస్తుంది. నిజంగా ఎగ్గొట్టినవాడికి చెబితే మంచిదే. కానీ తెల్లవారుజామున ఐదింటికి లేచి ఆరు నెలలు ఒళ్ళు వంచిన పిల్లకి చెబితే ఏమవుతుంది? "ఇంత చేసినా చాలదంటున్నారంటే నాలోనే ఏదో తక్కువ ఉంది" అనుకుంటుంది. 1979లో మార్టిన్ కోవింగ్టన్, కరొల్ ఒమెలిక్ విద్యార్థుల మీద చేసిన పరిశోధనలో ఇదే తేలింది. బాగా కష్టపడి ఓడినప్పుడు మనిషి తన సామర్థ్యాన్నే ఎక్కువ అనుమానిస్తాడు, సిగ్గు కూడా ఎక్కువ. కష్టం రెండంచుల కత్తి.

దీని నుంచే ఇంకో జబ్బు పుడుతుంది. పెద్ద పోటీకి ముందు రెండు రోజులు ప్రాక్టీసుకి రాకపోవడం, రాత్రంతా ఫోన్ చూడటం, ఉన్నట్టుండి మోకాలు నొప్పి అనడం. బద్ధకమనుకుంటాం. చాలాసార్లు అది ముందుగానే సిద్ధం చేసుకున్న సాకు. ఓడితే "ప్రాక్టీస్ చేయలేదు కాబట్టి" అని చెప్పుకోవచ్చు, "చేతకాదు కాబట్టి" అనాల్సిన అవసరం రాదు. అలాంటి పిల్లవాడిని తిడితే సాకు ఇంకా గట్టిపడుతుంది. ఓడినా వాడి విలువ తగ్గదని ముందు వాడికి నమ్మకం కలగాలి.

కష్టం సరిపడా ఉన్నచోట కారణాన్ని పద్ధతిలో వెతకండి. ఎన్ని గంటలు అన్నది పక్కన పెట్టి, ఆ గంటల్లో ఏం చేశారో చూడండి.

అమ్మాయిల విషయంలో ఇంకో మాట కూడా చెప్పాలి. "చివర్లో వదిలేస్తోంది, పట్టుదల లేదు" అని ముద్ర వేసే ముందు దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే 800 మీటర్ల రెండో రౌండులో కాళ్ళు రావు. అది పట్టుదల సంగతి కానే కాదు. డాక్టరు చెప్పిన ఐరన్ మాత్రలతో, తిండితో సరయ్యేదాన్ని స్వభావం కింద రాసేస్తే ఆ పిల్లకి ఎంత అన్యాయం చేసినట్టో ఆలోచించండి.

ఆరో మెట్టు: చేతిలో లేని కారణాలు

అంపైర్ తప్పు చేస్తాడు. సెలక్షన్‌లో అన్యాయం జరుగుతుంది. వాన పడుతుంది. మొదటి రౌండులోనే టాప్ సీడ్ ఎదురవుతుంది. వీటిని కాదనడం అబద్ధం, పిల్లలకి అబద్ధం ఇట్టే తెలిసిపోతుంది. పేజీని నిలువుగా రెండుగా గీయించండి. ఎడమవైపు చేతిలో లేనివి, కుడివైపు అదే పరిస్థితిలో చేతిలో మిగిలినవి. ఎడమ: "19-19 దగ్గర లైన్ మీద పడిన షటిల్ ఔట్ ఇచ్చాడు." కుడి: "ఆ తర్వాత రెండు పాయింట్లు వాదిస్తూనే ఆడాను." సెలక్షన్‌లో అన్యాయం జరిగితే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాల్సిందే, అది పెద్దల పని. పిల్లవాడి ప్రాక్టీసు నోట్‌బుక్ వేరు.

ఏడో మెట్టు: కారణాన్ని ప్రాక్టీసులోకి దించడం

తిరగరాసిన వాక్యం సోమవారం గ్రౌండులోకి రాకపోతే అది వట్టి ఓదార్పే. ఒక వాక్యానికి ఒక డ్రిల్, ఒక అంకె. "విజిల్ పడగానే కొట్టేస్తున్నాను" అంటే: రోజూ ఇరవై సర్వీసులు, ప్రతిదానికీ ముందు ఒక ఊపిరి, రెండుసార్లు బంతి నేలకేసి కొట్టడం, ఎన్ని లోపల పడ్డాయో లెక్క. అందులో చివరి ఐదు, జట్టంతా చుట్టూ నిలబడి అరుస్తుండగా.

చాలామంది కోచ్‌లు ఓడిన పిల్లకి ధైర్యం రావాలని వరసగా తేలిక మ్యాచ్‌లు పెడతారు. నేనూ పెట్టాను. 1975లో కరొల్ డ్వెక్ చేసిన ప్రయోగం ఇది ఎందుకు సరిపోదో చెబుతుంది. ఓటమి ఎదురైతే చేతులెత్తేసే పిల్లల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి అన్నీ చేయగలిగిన లెక్కలే ఇచ్చారు. రెండో గుంపుకి అప్పుడప్పుడూ తప్పేలా ఇచ్చి, తప్పినప్పుడు దానికి కారణం ఎలా చెప్పుకోవాలో నేర్పారు. తర్వాత ఓటమి ఎదురైనప్పుడు మొదటి గుంపు మళ్ళీ కుంగిపోయింది, రెండో గుంపు నిలబడింది. ఆ ప్రయోగంలో నేర్పిన కారణం "ఇంకా గట్టిగా ప్రయత్నించాల్సింది" అన్నది. ఆటలో, పైన చెప్పినట్టు, దానికంటే పద్ధతి గురించి మాట్లాడటమే మేలని నా అభిప్రాయం. ఏదైనా, గెలుపుల్ని పోగేయడం ఒక్కటే చాలదు. కాస్త ఓడేంత కష్టమైన డ్రిల్ పెట్టి, అక్కడే కారణం చెప్పుకోవడం అలవాటు చేయాలి.

గెలిచిన రోజు కూడా రాయాలి

ఇది చిన్న సంగతే గానీ మర్చిపోతారు. మన పిల్లలకి, ముఖ్యంగా అమ్మాయిలకి, గెలిస్తే "లక్కీగా వచ్చింది సార్" అనడం వినయంలా నేర్పుతాం. దేవుడికి దణ్ణం పెట్టుకోనివ్వండి, పెద్దలకి కృతజ్ఞత చెప్పనివ్వండి. నోట్‌బుక్‌లో మాత్రం "నేను చేసింది ఏమిటి" అన్నది రాయించండి. ఓటములన్నీ తన ఖాతాలో, గెలుపులన్నీ అదృష్టం ఖాతాలో వేసుకునే పిల్లకి నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంట్లోవాళ్ళకు

బండి మీద ఇంటికి తీసుకెళ్ళే ఆ అరగంటలో కోచ్ పని చేయకండి. "ఎన్నో ప్లేస్?", "వాళ్ళబ్బాయికి ఎంత వచ్చింది?" అన్న ప్రశ్నలు ఇంటికి చేరేదాకా ఆపుకోండి, వీలైతే అక్కడా అడగకండి. "మావాడికి స్టామినా తక్కువండీ" అని చుట్టాల ముందు వాడు వింటుండగా అనకండి. పిల్లలు మన మాటల్ని తమ కారణాలుగా రాసుకుంటారు.

జాలి కూడా జాగ్రత్తగా చూపించాలి. సాండ్రా గ్రాహమ్ 1984లో ప్రచురించిన పరిశోధనలో, తప్పినప్పుడు టీచరు జాలి చూపిస్తే పిల్లలు దాన్ని "నాకు సామర్థ్యం లేదు" అని అర్థం చేసుకున్నారు. "పోన్లేరా, నీకు చేతనైనంత చేశావుగా" అన్న మాట అమ్మ నోట ప్రేమగానే వస్తుంది, కానీ పిల్లవాడికి "నీ వల్ల అయ్యేది ఇంతే" అని వినిపిస్తుంది. ఆకలేస్తోందా అని అడగండి. ఆ ప్రేమలో తీర్పు ఉండదు.

ఇది చాలని చోట

ఓడిన వారం పది రోజుల తర్వాత కూడా పిల్లవాడు సరిగ్గా నిద్రపోకపోతే, తినకపోతే, స్నేహితుల్ని తప్పించుకుంటే, "నేనుండి ఏం లాభం" లాంటి మాట ఒక్కసారైనా అంటే నోట్‌బుక్ పక్కన పెట్టేయండి. ఇది ఆట గురించిన కారణాల స్థాయి దాటింది. మానసిక వైద్యుడి దగ్గరకి తీసుకెళ్ళండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మాది ధైర్యవంతుల వంశం అంటూ ఆలస్యం చేయొద్దు.

ఒక పేజీ ఎలా ఉంటుందంటే

మూడు ఫౌళ్ళ అమ్మాయి మరుసటి ఏడాది పోటీల తర్వాత రాసుకున్న పేజీని, ఆమె అనుమతితో, ఉన్నదున్నట్టు ఇక్కడ ఇస్తున్నాను.

"ఏం జరిగింది: మొదటి జంప్ ఫౌల్, నాలుగు వేళ్ళు దాటింది. గుర్తు ఒక అడుగు వెనక్కి జరిపాను. రెండోది బోర్డుకి జానెడు వెనక నుంచి లేచాను, ఫౌల్ కాలేదు. మూడోది బోర్డు మీద పడింది. మొత్తం మీద ఐదో ప్లేస్.

నాకు ముందు అనిపించింది: పెద్ద పోటీ అంటే నాకు పడదు.

మళ్ళీ రాస్తే: చివరి మూడు అంగల్లో బోర్డు వైపు చూస్తూ వేగం తగ్గించాను. గాల్లో కాళ్ళు తొందరగా దించేశాను.

చేతిలో లేనిది: మధ్యాహ్నం ఎండ, ఆలస్యంగా పిలిచారు.

చేతిలో ఉన్నది: పిలిచేదాకా నీడలో కూర్చోవచ్చు. తల ఎత్తి పరిగెత్తవచ్చు.

సోమవారం: చివరి ఐదు అంగలు మాత్రమే, పది సార్లు, బోర్డు చూడకుండా. సార్ పక్కన నిలబడి కాలు ఎక్కడ పడిందో చెప్పాలి."